దర్జీ తాత చొక్కా రంగు

ఆ ఆసుపత్రిలో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. గేటు దగ్గర కాపలాదారు నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ ఆమె కథలక్కే. ఆసుపత్రి అన్నానని పెద్ద భవనం ఊహించుకోకండి. ఒక ధర్మసంస్థ నడిపే రెండంతస్తుల పాత ఇల్లు అది. కింద మందుల గది, నర్సుల గది, మెట్ల కింద ఇరుకు చోటు. పైన డాక్టరుగారి గది, లెక్కలాయన గది, వరండా చివర కథలక్క బల్ల. రోగులను పడుకోబెట్టడానికి అక్కడ చోటే లేదు, ఎందుకంటే వాళ్ల రోగులంతా ఎవరి ఇళ్లల్లో వాళ్లే ఉంటారు. మంచం పట్టి లేవలేనివాళ్ల దగ్గరికి నర్సులే వ్యానులో వెళ్లి, ఒళ్లు తుడిచి, వీపు మీద పుండ్లకు కట్టు కట్టి, మనిషిని నొప్పి లేకుండా పక్కకు ఎలా తిప్పాలో ఇంట్లోవాళ్లకు నేర్పి వస్తారు. దానికి ఫీజు తీసుకోరు. ఫీజు లేని చోట జీతాలు ఎక్కడినుంచి వస్తాయని ఎవరైనా అడిగితే లెక్కలాయన తల కూడా ఎత్తకుండా పెన్నుతో వరండా వైపు చూపిస్తాడు. అంతా కథలక్క నోటి చలవ అని అర్థం.

ఆమె మాత్రం ఆ నోటిని ఏనాడూ గొప్పగా అనుకోలేదు. ఆమె నమ్ముకున్నది చేతులను. నర్సుగా చేరి, భుజాన సంచీ తగిలించుకుని, వ్యానులో కిటికీ పక్క సీటు తనదని దబాయించి కూర్చుని, ఇల్లిల్లూ తిరిగిన మనిషి. ఏ ఇంట్లో ఏ మెట్టు విరిగిందో, ఏ ఇంట్లో అత్తాకోడళ్లకు మాటల్లేవో, ఎక్కడ వేడినీళ్లు అడిగితే ముఖం ముడుచుకుంటారో ఆమెకు కొట్టినపిండి. ఆ రోజుల్లో ఆమెను నోరారా నవ్వించాలంటే రోగి వీపు మీద పుండు మానితే చాలు, ఇంకేమీ అక్కర్లేదు.

అలా తిరిగిన ఇళ్లల్లో దర్జీ తాతది ఒకటి. ఊళ్లో సగం మందికి చొక్కాలు కుట్టిన మనిషికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. కత్తెర పట్టే చెయ్యే పోయాక దర్జీకి ఇంకేం మిగులుతుంది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నవాడు పడుకున్నట్టే ఉండిపోయాడు. కథలక్క ప్రతి వారం వెళ్లేది. ఒకరోజు ఒళ్లు తుడిచి, చొక్కా తొడిగి, గుండీ పెట్టబోతే తాత ఎడమచేత్తో ఆమె చేతిని పక్కకు నెట్టాడు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కింద వీధిలో వ్యాను డ్రైవరు హారను మీద హారను కొడుతున్నాడు. తాత వేళ్లు గుండీని పట్టడం, జారవిడవడం, మళ్లీ వెతుక్కోవడం. ఆయన నుదుటి మీద చెమట. చివరికి గుండీ కాజాలోకి దూరింది. తాత నవ్వలేదు, ఆమె వైపు చూడనూ లేదు. తలవంచి రెండో గుండీ కోసం తడుముకున్నాడు.

జరిగింది ఇంతే. తర్వాతి వారం ఆమె ఒక గుడ్డపీలిక తెచ్చి తాత కూతురి చేతిలో పెట్టి, దాని మీద ఒక పక్క రకరకాల గుండీలు, ఇంకో పక్క కాజాలు కుట్టమంది. కుట్టాక దాన్ని మంచం పక్కన ఊచకు కట్టింది, తాత పడుకునే సాధన చేసుకునేట్టు. కూతురు కుట్టిన కాజాలు చూసి తాత మూతి విరిచాడని, కాజా అంటే ఇలాగేనా కుట్టేది అని పక్షవాతం వచ్చాక మొదటిసారి ఒకరిని తిట్టాడని, ఆ ఇంట్లో ఆ పూటంతా అదే సంబరం.

ఆ నెలలోనే దాతలు కొందరు ఆసుపత్రి చూడటానికి వచ్చారు. పెద్ద డాక్టరుగారు చెయ్యి పట్టుకుని జబ్బు చెప్పగలడు గానీ, డబ్బు అడగాల్సి వచ్చేసరికి ఆయన నాలుక పిడచకట్టుకుపోతుంది. అటూ ఇటూ చూసి, కట్లగుడ్డ కోసం పైకి వచ్చిన కథలక్కను పట్టుకుని, నువ్వేదైనా చెప్పమ్మా అని ముందుకు తోశాడు. ఏం చెప్పాలో తెలియక ఆమె గుండీ సంగతి చెప్పింది. చెప్పడం ముగిసేసరికి ఒక దాత కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. వారం తిరక్కుండా వరండా చివర ఆమెకు బల్ల పడింది.

"ఒక్క సంవత్సరం ఓపిక పట్టమ్మా," అన్నాడు డాక్టరుగారు. "మనం కాస్త నిలదొక్కుకున్నాక నీ వ్యాను నీదే, నీ సంచీ నీదే."

ఆమె దర్జీ తాత ఇంటికి వెళ్లింది, ఇక రానని చెప్పడానికి. అక్కడ కూర్చున్నాక ఆ మాట నోట్లోంచి ఊడిపడలేదు. వచ్చే వారం వస్తాను తాతా అని చెప్పి లేచి వచ్చేసింది.

ఆ ఒక్క సంవత్సరం ఎన్ని సంవత్సరాలైందో లెక్కపెట్టుకోవడం ఆమె మానేసింది. మానకుండా చేసింది ఒకటే. సంచీని బల్ల కింద కాళ్లకు తగిలేట్టు పెట్టుకుంది. దూది, కట్లగుడ్డ, మందుల గడువు తీరిపోతే వాటిని తీసేసి కొత్తవి సర్దేది. కత్తెరకు తుప్పు పట్టకుండా తుడిచేది. పొద్దున వ్యాను బయల్దేరే చప్పుడు వినబడితే, చేస్తున్న పని ఆపి, అది వీధి మలుపు తిరిగేదాకా వినేది. లెక్కలాయన మొదట్లో ఎగతాళి చేసేవాడు, ఎక్కడికో ప్రయాణం కట్టినట్టున్నారే అని. తర్వాత తర్వాత ఆయనే ఆ ఎగతాళి మానేశాడు.

ఇక దాతల సంగతి. వాళ్లకు ఒక జబ్బు ఉంది, దానికి డాక్టరుగారి దగ్గర కూడా మందు లేదు. చక్కగా నడుస్తున్న పనికి వాళ్ల చెయ్యి జేబులోకి పోదు. ఈ ఏడాది కొత్తగా ఏం చేస్తున్నారు అని అడుగుతారు. మనిషి వీపు కడగడంలో కొత్తేముంటుంది, నిన్నా అదే వీపు, ఇవాళా అదే వీపు. అందుకని ఏటేటా ఏదో ఒక ఇన్నోవేషన్ పుట్టించాల్సి వచ్చేది. ఒక ఏడాది, వేళకు మాత్ర వేసుకొమ్మని మాట్లాడే డబ్బాలు వచ్చాయి. దాని గొంతు విని ఒక ముసలమ్మ ఇంట్లో దొంగ దూరాడని వీధంతా లేపింది. ఇంకో ఏడాది నాడి లెక్కపెట్టే పట్టీలు వచ్చాయి. అవి పిల్లలు ఆటకు పట్టుకుపోగా మిగిలినవి వెనక్కొచ్చాయి. మరో ఏడాది, రోగి ఎంత సంతోషంగా ఉన్నాడో నర్సులు వేలితో నొక్కి చెప్పాల్సిన పలకలు. అన్నీ చివరికి మెట్ల పక్క బీరువాకే చేరేవి. ఆ బీరువా తలుపు మూసుకోవడం మానేసి చాలాకాలమైంది. ఆ డబ్బాల పేరున వచ్చిన డబ్బులోనే ఒక మూల నుంచి నర్సుల జీతాలు, వ్యాను డీజిలు వెళ్లిపోయేవి. ఇది మోసమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మోసపోవడానికి అంత తయారుగా కూర్చున్నవాళ్లను నేనైతే ఇంకెక్కడా చూడలేదు.

ఏ ఇన్నోవేషన్ ముందు పెట్టినా, చివర్లో చెప్పేది మాత్రం దర్జీ తాత గుండీ కథే. చెప్పగా చెప్పగా దానికి నగిషీలు పడ్డాయి. పెద్ద హాల్లో చివరి వరుసకు కూడా కళ్లకు కట్టాలని చొక్కా ఎరుపైంది. పెద్దమనుషుల ముందు అది తెల్ల చొక్కా అయింది. ఒకచోట మొదటి గుండీ, ఇంకోచోట ఆఖరి గుండీ. అందులో దురుద్దేశమేమీ లేదు, అటకెక్కిన ఎదుటివాళ్ల మనసును కిందికి దింపడానికి చేసే తంటాలు. అలా ఒక సభ ముగించుకుని చేతులు కడుక్కుంటుండగా ఆమెకు ఉన్నట్టుండి తట్టింది, ఆ చొక్కా అసలు రంగేమిటో తనకు గుర్తు లేదని. కొళాయి అలాగే వదిలేసి అద్దంలోకి చూస్తూ నిలబడింది. ఎరుపా, తెలుపా, నీలమా. తాత గొంతు కూడా గుర్తు రావడం లేదు. తను చెప్పిన కథే వినబడుతోంది తప్ప, ఆ గదిలో జరిగినదేదీ కనబడటం లేదు.

ఆ రోజు నుంచి ఆమెకు ఒకటే ఆరాటం. మళ్లీ ఆ గదిలోకి వెళ్లాలి, తాత పక్కన కూర్చోవాలి, ఆ చొక్కా ఏ రంగు తాతా అని అడగాలి. మరి వెళ్లొచ్చు కదా అని మీరు అడగొచ్చు. నర్సులూ అడిగారు. తాతను చూసి వచ్చినప్పుడల్లా, మీ అక్కకు తీరికైందా అని అడుగుతున్నాడని చెప్పేవాళ్లు. వచ్చే వారం అనేది. ఒకసారి వీధి చివరిదాకా వెళ్లి, ఎవరో దాత ఫోను చేస్తే వెనక్కి వచ్చింది. ఇంకోసారి పళ్లు కొన్నది. చేతిలో పళ్లు చూసుకుంటే ఆమె మీద ఆమెకే కోపం వచ్చింది. చుట్టపుచూపుగా వెళ్లి, కుర్చీ అంచున కూర్చుని, ఎలా ఉన్నారు అని అడిగి రావడానికి మనసొప్పలేదు. వెళితే సంచీతో వెళ్లాలి, నర్సుగా వెళ్లాలి, వెళ్లి నీళ్లు వేడిచేయమని అరవాలి. ఆ పట్టుదల మంచిదో కాదో గానీ, ఆమె అంతే.

ఇలా ఉండగా అందరికంటే పెద్ద చెయ్యిగా ఉన్న ఫౌండేషన్ వాళ్లు, ఇకపై మీ కాళ్ల మీద మీరే నిలబడాలి అని మర్యాదగా చెప్పి తప్పుకున్నారు. డాక్టరుగారి గదిలో ముగ్గురూ కూర్చున్నారు. వ్యాను తిరిగే ఇళ్లు సగానికి తగ్గించడం తప్ప దారి లేదన్నాడు లెక్కలాయన. ఏ సగం అని డాక్టరుగారు అడిగితే ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

ఆ నర్సులకు ఒక అలవాటు ఉండేది. రోగి పోయాక ఒక నర్సు ఆ ఇంటికి మరొక్కసారి వెళ్తుంది. చేయడానికి పనేమీ ఉండదు. ఆసుపత్రి ఇచ్చిన మంచం వెనక్కి తీసుకురావాలి, అంతే. కానీ వెళ్లిన మనిషి వెంటనే లేవదు, ఇంట్లోవాళ్లు ఏం చెప్పుకుంటే అది వింటూ కూర్చుంటుంది. వాళ్లలో వాళ్లు దాన్ని ఖాళీ రాక అనేవాళ్లు. అలా వెనక్కొచ్చిన మంచాలు, గాలి పరుపులు, చక్రాల కుర్చీలు, చేతికర్రలు మెట్ల కింద పైకప్పు దాకా పేరుకుపోయాయి. కథలక్క కిందికి దిగుతూ ఒక చక్రాల కుర్చీకి మోకాలు కొట్టుకుని, దాన్ని తిడుతూ తిడుతూ ఆగిపోయింది. కిందటి వారమే ఒకాయన కారులో వచ్చాడు. తల్లికి మంచం కావాలన్నాడు, ఎంతైనా అద్దె ఇస్తానన్నాడు. ఇక్కడ ఉచితమేనని చెబితే మొహమాటపడి వెళ్లిపోయాడు. అలాంటివాళ్లు ఎంతమంది వెళ్లిపోయారో.

మళ్లీ పైకి వెళ్లి ఆమె ఆ ముక్క చెప్పింది. బాగుచేసి, ఉడుకునీళ్లతో కడిగి, ఇచ్చుకోగలిగినవాళ్లకు అద్దెకు ఇద్దాం. ఇచ్చుకోలేనివాళ్లకు ఎప్పటిలాగే ఊరికే. ఇద్దరికీ అదే మంచం, అదే శుభ్రం, తెచ్చిపెట్టేది అదే వ్యాను. అద్దెలో నర్సుల జీతాలు గడుస్తాయా లేదా చూద్దాం. లెక్కలాయన పెన్ను తీసుకుని చాలాసేపు గీకి, మొదట ఒక షెడ్డు, కడిగే యంత్రం కావాలని, అవి వస్తే ఆ తర్వాత గడవొచ్చని అన్నాడు. డాక్టరుగారు ఇంకో మాట కూడా అన్నాడు. ఒక ఏడాది పొడుగునా జీతాలు షెడ్డు నుంచే వస్తే, ఆ మర్నాడే నీ సంచీ నీ భుజాన ఉంటుందమ్మా అని. ఈసారి ఆమె ఆ మాటను గట్టిగా పట్టుకుంది.

ఆ మొదటి డబ్బు కోసం ఆమె ఒక కొత్త ఫౌండేషన్ మేడం ముందు కూర్చుంది. గుండీ కథ చెప్పలేదు. మెట్ల కింద మంచాల సంగతి చెప్పింది. మేడం అంతా విని, ఇందులో ఇన్నోవేషన్ ఏముంది అని అడిగింది.

"ఏమీ లేదండీ. మంచాలు పాతవి, అద్దెకివ్వడం పాతదే. వచ్చే ఏడాది మళ్లీ మీ గుమ్మం తొక్కకపోవడమే కొత్త," అంది కథలక్క.

మేడం పకపకా నవ్వింది. డబ్బు ఇచ్చింది కూడా. నవ్వించి అడిగితే ఇచ్చేవాళ్లున్నారని తెలిసుంటే ఆమె ఇన్నేళ్లూ ఏడిపించి ఉండేది కాదు.

షెడ్డు లేచింది. సైకిళ్లు బాగుచేసే దుకాణం మూసుకున్న ఒకాయన పనిలోకి వచ్చాడు. ఆయనకు మంచాలాయన అని పేరు పడింది. ఒక చక్రం కిర్రుమంటే ఆయనకు అన్నం సహించేది కాదు. అద్దెకు మంచాలు కావాలని ఊరి రెండో చివర నుంచి కూడా మనుషులు వచ్చారు. కొందరు మంచం తిరిగిస్తూ, అద్దె ఇచ్చుకోలేనివాళ్ల లెక్కలో వేసుకోమని అదనంగా చేతిలో పెట్టి వెళ్లారు. నెలలు ఒక్కొక్కటే గట్టెక్కి ఏడాది నిండవచ్చింది. కథలక్క సంచీలోకి కొత్త కత్తెర కొనుక్కుంది. వ్యాను డ్రైవరుతో, కిటికీ పక్క సీటు ఖాళీ చేయించి పెట్టు అని చెప్పింది. మొదటి ఇల్లు ఎవరిదో ఆమెను ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు.

ఇక ఆ వారమే తిరిగి వెళ్లాల్సింది. షెడ్డులో తాళాలు అప్పగిస్తుండగా వ్యాను వచ్చి ఆగింది. ఒక ఇంట్లో మనిషి పోతే, ఖాళీ రాకకు నర్సు వెళ్లకముందే ఇంట్లోవాళ్లు తొందరపడి మంచం పంపేశారట. డ్రైవరు ఆమె ముఖంలోకి చూడకుండా దించాడు. ఊచకు గుడ్డపీలిక కట్టి ఉంది. గుండీలన్నీ మెరుగు తేలాయి, కాజాల అంచులు పీచుపీచుగా విడిపోయాయి. ఎన్ని వేలసార్లు పెట్టి తీస్తే అలా అవుతాయో. మంచాలాయన ఎవరిదమ్మా అని అడగబోయి, ఆమెను చూసి అడగలేదు. ఆమె ఆ పీలికను పట్టుకుని మంచం మీదే కూర్చుండిపోయింది. ఏడుపు వెంటనే రాలేదు. వచ్చాక ఆగలేదు.

ఖాళీ రాకకు తనే వెళ్తానంది. సంచీ భుజాన వేసుకుంది, అందులోంచి తీయాల్సింది ఏదీ లేదని తెలిసీ. తాత గదిలో మంచం ఉన్నచోట నేల మీద నాలుగు కాళ్ల గుర్తులు మాత్రం ఉన్నాయి. తాత కూతురు చాప వేసింది, ఇద్దరూ ఆ గుర్తుల పక్కన కూర్చున్నారు. జ్వరం వచ్చిందని, రెండు రోజుల్లోనే అయిపోయిందని, బాధపడలేదని చెప్పింది కూతురు. కథలక్క క్షమించమని అడగాలని వచ్చింది. దానికి మాటలు కుదరక, చిన్నపిల్లలా వేరేది అడిగింది.

"అమ్మా, మీ నాన్న మొదటిసారి గుండీ పెట్టుకున్న రోజు గుర్తుందా? ఆ చొక్కా ఏ రంగు?"

కూతురు కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "ఏమో అక్కా. ఆ కథ నాన్న ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు. అందరూ నా గుండీలు పెట్టేసి పోయారు, నర్సమ్మ ఒక్కతే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, కింద వ్యాను అరుస్తున్నా లేవలేదు అని. చెప్పినప్పుడల్లా రంగు మార్చేవాడు. డాక్టర్లొస్తే తెల్ల చొక్కా అనేవాడు, మా పిన్ని వస్తే పసుపు. ఏది నిజం నాన్నా అంటే, కుట్టినవాణ్ణి నేను, నా ఇష్టం అనేవాడు."

కథలక్క కూడా నవ్వింది. ఈ గదిలో జరిగిన ఒకే కథను ఇక్కడ ఆయన, సభల్లో తను, రంగులు మార్చుకుంటూ చెప్పుకున్నారు.

"చివర మాత్రం ఎప్పుడూ మార్చలేదక్కా," అంది కూతురు. "వచ్చే వారం వస్తానంది, వస్తుంది అనేవాడు."

ఆ తర్వాత ఆమె చాలాసేపు అక్కడే కూర్చుంది. ఖాళీ రాకలో నర్సు వినాలి గానీ మాట్లాడకూడదు. ఆ అలవాటు ఉన్నందుకు ఆమె మొదటిసారి ఊపిరి పీల్చుకుంది.

సాయంత్రం డాక్టరుగారు కబురు పెట్టాడు. షెడ్డు సంగతి విని ఇతర సంస్థల వాళ్లు నేర్పమని అడుగుతున్నారట, ఊరూరా వెళ్లి చెప్పాలి, నీకంటే బాగా ఎవరు చెప్పగలరు అన్నాడు. చెప్పలేక చెప్పలేక, ఇంకొక్క సంవత్సరం అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, అవతల కూడా మంచం పట్టినవాళ్లున్నారు, ఆమెకూ తెలుసు. రేపు చెబుతాను సార్ అని వచ్చేసింది.

మర్నాడు పొద్దున దర్జీ తాత మంచాన్ని వ్యానుకెక్కించారు. మంచాలాయన దాన్ని కడిగి, చక్రాలకు నూనె పెట్టాడు గానీ, పీలికను విప్పలేదు. కథలక్క కిటికీ పక్క సీటులో కూర్చుంది. ఆ మంచం చేరాల్సిన ఇంట్లో ఉన్నది బస్సు నడిపిన మనిషి. ఆయనకూ పడిపోయింది కుడిచెయ్యే. మంచం మెట్లెక్కించేసరికి ఆమె నడుము పట్టేసింది, మనిషిని పక్కకు తిప్పేసరికి ఆయాసం వచ్చింది. వయసు ఊరుకుంటుందా. అయినా నీళ్లు వేడిచేయమని అరిచింది, ఒళ్లు తుడిచింది, చొక్కా తొడిగింది. ఆయన భార్య గుండీ పెట్టబోతే తల అడ్డంగా ఊపింది. ఇద్దరూ ఆగారు. ఆయన ఎడమచెయ్యి మెల్లగా కదిలింది.

సంచీలో ఫోను మోగింది. డాక్టరుగారు. ఆమె తీసి, గొంతు తగ్గించి మాట్లాడింది. "సార్, నేర్చుకునేవాళ్లను షెడ్డుకే రమ్మనండి. మంచాలాయన చూపిస్తాడు, లెక్కలాయన చెబుతాడు. నేను పనిలో ఉన్నాను."

ఫోను పెట్టేశాక బస్సాయన భార్య భయంభయంగా, వచ్చే వారం కూడా మీరే వస్తారా అని అడిగింది. వచ్చే వారం అన్న మాట కథలక్క నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"రేపు వస్తానమ్మా. పొద్దున్నే."

కింద డ్రైవరు హారను కొట్టాడు. గుండీ ఇంకా పడలేదు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని, ఈసారి మరిచిపోకుండా చూసుకుంది. లేత ఆకుపచ్చ చొక్కా, జేబు దగ్గర కుట్టు ఊడింది.